విడిపోని బిడ్డలు

పగడం రాయా, చెట్టా, జంతువా అని అడిగావు కదూ అమ్మలూ! ఆ ఒక్క ప్రశ్న మీద పెద్దపెద్ద పండితులే వందల ఏళ్లు తగువులాడుకున్నారు. కూర్చోండి, చెబుతాను. ఒరే చిన్నోడా, నెగడులో ఇంకో దుంగ వెయ్యి. ఈ కథ తొందరగా అయ్యేది కాదు.

మన పెద్దలు పగడాన్ని నవరత్నాల్లో చేర్చారు. జాతకంలో కుజదోషం ఉందంటే ఎర్ర పగడం ఉంగరం పెట్టుకోమంటారు. మా అమ్మ నల్లపూసల మధ్య రెండు పగడాలు ఉండేవి. అవి మన సముద్రంలో పుట్టినవి కావు. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రానిది. ఇటలీ చుట్టుపక్కల, ఉత్తర ఆఫ్రికా ఒడ్డున పడవల వాళ్లు దాన్ని అడుగు నుంచి లాగేవారు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో అది ఓడలెక్కి మద్రాసు కోటకు వచ్చేది. అక్కడ యూదు వర్తకులు పగడం అమ్మి గోల్కొండ వజ్రాలు కొని లండనుకు పంపేవారు. చెన్నైలో పగడాల వర్తకుల పేరుతో ఇప్పటికీ ఒక వీధి ఉంది. మన నేలలోని రాయి వాళ్లకు వెళ్లింది, వాళ్ల నీళ్లలోని జీవి అస్థి మనకు వచ్చింది. అస్థి అని అప్పట్లో అటు అమ్మినవాడికీ తెలియదు, ఇటు కొన్నవాడికీ తెలియదు.

పగడం నీళ్లలో ఉన్నంతసేపు మెత్తటి మొక్క అనీ, గాలి తగలగానే రాయి అవుతుందనీ రోమనుల కాలం నుంచి నమ్మేవారు. 1706లో మార్సిగ్లి అనే ఇటలీ ప్రభువు, అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రపు నీళ్లున్న పాత్రలో పెట్టి చూశాడు. కాసేపటికి కొమ్మ పొడవునా తెల్లటి పూలు విచ్చుకున్నాయి. ఒక్కో పువ్వుకు ఎనిమిది రేకులు. పూలు పూసిందంటే ఇక మొక్కే అని అందరూ సంతోషించారు.

ఫ్రాన్సులో మార్సెయ్ అనే రేవు పట్నం ఉంది. ఆ ఊరి వైద్యుడు పెయ్సొనెల్. ఆయన కూడా ఆ పూలే చూశాడు, కాకపోతే ఇంకాస్త ఓపికగా చూశాడు. 1725 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికా తీరానికి వెళ్లి, పగడం తీసే పడవల దగ్గరే కాపు కాశాడు. వేలు తగిలితే పువ్వు ముడుచుకుపోతోంది. నీళ్లలోంచి తీస్తే లోపలికి దూరిపోతోంది, మళ్లీ నీళ్లలో పెడితే బయటికొస్తోంది. కొమ్మ కుళ్లితే చేప కుళ్లిన వాసన వేస్తోంది. ఏ మొక్క అలా చేస్తుంది? ఇవి పూలు కావు, చిన్నచిన్న జంతువులు, ఆ ఎర్ర రాయిని కట్టుకున్నవి ఇవే అని పారిస్ అకాడమీకి రాశాడు. అక్కడ రోమర్ అనే మహా పండితుడు ఉండేవాడు. ఆయన ఈ మాటను 1727లో సభలో వినిపించాడు గానీ రాసినవాడి పేరు చెప్పలేదు. ఇలాంటి మాటతో పేరు బయటపెడితే ఆ వైద్యుడు నవ్వులపాలవుతాడని ఆయన ఉద్దేశం. పెయ్సొనెల్ తర్వాత ఎక్కడో కరిబియన్ దీవి గ్వాడెలూప్‌కు రాజవైద్యుడిగా వెళ్లిపోయాడు. అక్కడ కూడా సముద్రాన్ని చూడటం మానలేదు.

ఆయన్ని గట్టెక్కించింది ఒక చెరువు పురుగు. 1740లో హాలండులో, హేగ్ పట్నం దగ్గర ఒక ప్రభువు పిల్లలకు చదువు చెప్పే ట్రెంబ్లే అనే ఆయనకు, నీటిమొక్కలకు అంటుకుని పచ్చటి చిన్న జీవి కనిపించింది. మీ పుస్తకాల్లో హైడ్రా అని బొమ్మ ఉంటుందే, అదే. రెండు ముక్కలు చేస్తే రెండు హైడ్రాలయ్యాయి. అంతకంటే నాకు ముఖ్యమైనది ఇంకోటి చూశాడాయన. హైడ్రా పక్కన ఒక మొటిమ లేస్తుంది. దాన్నే కోరకం అంటాం. అది పెరిగి తల్లిలాగే నోరు, తీగలు తెచ్చుకుంటుంది. కొన్నాళ్లు తల్లీ బిడ్డల కడుపులు ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకునే ఉంటాయి, తల్లి తిన్నది బిడ్డకు పోతుంది. తర్వాత బిడ్డ తెగి తన దారిన పోతుంది. అది చూశాక రోమర్ మెత్తబడ్డాడు. జంతువు కూడా మొక్కలా కొమ్మ వేయగలదని తేలిపోయింది మరి. 1742లో తన పుస్తకంలో పెయ్సొనెల్ పేరు రాసి గౌరవించాడు. పెయ్సొనెల్ తన పెద్ద గ్రంథాన్ని లండను రాయల్ సొసైటీకి పంపితే 1752లో దాని సారాంశం అక్కడ చదివారు. తను సరిగ్గా చూశానని నమ్ముకుని పాతికేళ్లు ఎదురుచూసిన మనిషి ఆయన. జీవశాస్త్రం చదివేవాళ్లు ముందు నేర్చుకోవాల్సిన పేర్లలో ఆయనది ఒకటని నేను అంటాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పగడం ఇలా ఎన్నో చిన్న జంతువులు కలిసి బతికే సమూహజీవి. సమూహజీవి అనగానే ఎక్కడెక్కడి జీవులో ఒకచోటికి వచ్చి కూడాయని అందరూ అనుకుంటారు. పాఠం చెప్పే వాళ్లు కూడా అలాగే చెప్పేస్తారు. అది జరిగిన పని కాదు. పగడమంతా ఒక్క గుడ్డు లోంచి వస్తుంది. ఆడ పగడం లోపల గుడ్డు ఫలదీకరణం చెంది, ఒళ్లంతా శైలికలు, అంటే కదిలే సన్నటి వెంట్రుకలు ఉన్న డింభకం, అంటే ఈదే పిల్ల తయారవుతుంది. అది వేసవిలో బయటికొచ్చి కొద్దిరోజులు ఈది, ఏ రాతి చూరు కిందో అతుక్కుంటుంది. పూలలా కనిపించిన ఆ చిన్న జంతువును పాలిప్ అంటారు, మొదటి పాలిప్ అదే. దాని పక్కన కోరకం లేస్తుంది, ఆ కోరకం పక్కన ఇంకోటి. హైడ్రా బిడ్డ తెగిపోతుందని చెప్పాను కదా, పగడం బిడ్డ తెగదు. అంతే తేడా. మన పెరట్లో అరటి పిలకలు చూడండి, తల్లి దుంపను వదలకుండా చుట్టూ లేస్తాయి, వచ్చినవి ఏవీ బయట నుంచి రావు. అలాగన్నమాట. వేల నోళ్లు, వాటిని కలిపే సన్నటి కాలువలు, ఒకటి తిన్నది పక్కదానికి పారడం, అన్నీ ఆ విడిపోకపోవడంలోంచి వచ్చినవే.

పగడం ఎంత నెమ్మదిగా పెరుగుతుందో కూడా చెప్పాలి. కొమ్మ మందం ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగదు. చెక్క సిలువకు వలలు కట్టి సముద్రం అడుగును గీకి లాగే పద్ధతిని 1994లో యూరప్ దేశాలు నిషేధించాయి. అప్పటికే వందల ఏళ్ల పెరుగుదల పోయింది.

సరే, ఇంకో మనిషి గురించి చెప్పాలి. నాకు చాలా ఇష్టమైనవాడు, షమిస్సో. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పిల్లవాడిగా ఇంటివాళ్లతో కలిసి దేశం విడిచి పారిపోయాడు, బెర్లినులో పెరిగి జర్మను భాషలో కవి అయ్యాడు. 1815లో రూరిక్ అనే రష్యా ఓడ ప్రపంచయాత్రకు బయలుదేరితే అందులో ప్రకృతి పరిశోధకుడిగా ఎక్కాడు. ఓడ వైద్యుడు ఎష్షోల్ట్స్‌తో కలిసి అట్లాంటిక్‌లో సాల్పాలను గమనించాడు. సాల్పా అంటే గాజులా లోపలంతా కనిపించే గొట్టంలాంటి జీవి. ఒంటరిగా తిరిగేవి ఒక రకం, వరసగా గొలుసుకట్టి ఈదేవి ఇంకో రకం అని అందరూ రెండు పేర్లు పెట్టుకున్నారు. షమిస్సో ఏం చూశాడంటే, ఒంటరి దాని కడుపులో గొలుసు తయారవుతోంది, గొలుసులో ఉన్న ఒక్కోదాని లోపల ఒంటరి బిడ్డ తయారవుతోంది. కూతురు తల్లిలా ఉండదు, అమ్మమ్మలా ఉంటుంది. 1819లో దాన్ని అచ్చు వేస్తే, కవి కదా, ఊహించి రాశాడన్నారు. ఆయన 1838లో పోయాడు. 1842లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్, ఇది సాల్పాల్లోనే కాదు, జెల్లీఫిష్‌లలోనూ ఇంకా ఎన్నో జీవుల్లోనూ ఉందని నిరూపించి, తరాలు మారిమారి వస్తాయని సిద్ధాంతం చేశాడు. ఇంటర్లో ఒబీలియా బొమ్మ గీసిన ప్రతివాడూ షమిస్సోకు బాకీ ఉన్నాడు. ఆ సముద్రజీవిలో కొమ్మలుగా అంటుకుని ఉండే తరం ఒకటి, విడిపోయి ఈదుకుంటూ గుడ్లు పెట్టే తరం ఒకటి.

డార్విను పేరు మీరు వినే ఉంటారు. ఆయన మొదటి పరిశోధన దేనిమీదో తెలుసా? కోతుల మీద కాదు. 1827లో, పద్దెనిమిదేళ్ల కుర్రవాడిగా ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూ, సముద్రపు ఒడ్డున దొరికే ఫ్లస్ట్రా అనే జీవి గుడ్లని అందరూ అనుకునేవి శైలికలతో వాటంతట అవే కదులుతున్నాయని కనిపెట్టి విద్యార్థుల సభలో చెప్పాడు. నిజానికి అవి గుడ్లు కావు, డింభకాలు. ఫ్లస్ట్రాది బ్రయోజోవా వంశం. నాచులా, సన్నటి వలలా పరుచుకుని ఉంటుంది. దగ్గరగా చూస్తే లెక్కలేనన్ని గదులు, గదికొక జీవి. చూడటానికి పగడానికి దగ్గరలా కనిపిస్తుంది గానీ వంశం పూర్తిగా వేరు. ఈ వంశంలో ఒక్క మినహాయింపు తప్ప అన్నీ సమూహజీవులే. ఇప్పుడు బతికున్న జాతులు ఆరు వేల దాకా ఉంటాయి.

వీటి పుట్టుక కూడా అదే వరస. డింభకం అతుక్కుని, తన ఒంటిని పూర్తిగా మార్చుకుని మొదటి గది అవుతుంది. దాన్నుంచి చుట్టూ గదులు మొలుస్తాయి. కానీ మొలిచినవన్నీ ఒకేలా ఉండవు. బీగిల్ ఓడ మీద దక్షిణ అమెరికా వైపు వెళ్లినప్పుడు డార్విను కొన్ని గదుల పక్కన గద్ద ముక్కుల్లాంటివి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ముక్కు ఒక అవయవం కాదు, అది కూడా ఒక జీవే. ఒకప్పటి తిండి తినే జీవి తన తిండి తీగలు పోగొట్టుకుని, గది మూతను దవడగా పెంచుకుంది. ఇప్పుడది తినలేదు. పక్కవాళ్లు తిని పంపితే బతుకుతుంది. దాని పని కాపలా, పాకే పురుగు వస్తే పట్టుకోవడం. డార్విను చెప్పిన సహజవరణంతో ఇలాంటివి ఎలా వస్తాయని మివార్ట్ అనే ఆయన ఎదురు ప్రశ్న వేస్తే, డార్విను 1872లో అచ్చయిన తన ‘జాతుల పుట్టుక’ పుస్తకం ఆరో కూర్పులో ఈ ముక్కుల గురించి రాసి జవాబు చెప్పాడు. మొదట మామూలు గది, తర్వాత మూత పెద్దదైన గది, తర్వాత తిండి మానేసిన గది. ఈ మెట్లన్నీ ఈనాటికీ వేరువేరు జాతుల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఇంత శుభ్రంగా దశలు దొరికే ఉదాహరణలు జంతుశాస్త్రంలో ఎక్కువ లేవు.

తిండి మానేసి బతకడం ఒంటరి జీవికి సాధ్యం కాదు. కడుపులు కలిసి ఉండటం వల్లే సాధ్యమైంది. పని పంచుకోవడం ముందు వచ్చి, దానికోసం కలవలేదు. విడిపోకపోవడం ముందు వచ్చింది, పని పంచుకోవడం దాని తర్వాత వచ్చింది. ఈ వరస మీరు మరిచిపోకండి.

నేను విశాఖలో జువాలజీ చదివే రోజుల్లో హార్బరు ముచ్చట్లు చాలా వినేవాళ్లం. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పి.ఎన్. గణపతి గారు, ఆయన శిష్యులు హార్బరు నీళ్లలో పలకలు వేలాడదీసి, ఏ నెలలో ఏ జీవి వచ్చి అంటుకుంటుందో రాసుకునేవారు. ఓడల అడుగున పేరుకునే గుల్లలు, బ్రయోజోవాలు, హైడ్రాయిడ్లు ఓడకు బరువు, వేగానికి అడ్డం. అందుకే ఆ చదువు. అక్కడ చూస్తే తెలుస్తుంది, గట్టి నేల దొరకడమే వాటికి బతుకు. ఒంటరి గుల్ల తను కూర్చున్న చోటే కూర్చుంటుంది. సమూహజీవి అంచు నుంచి మొలుచుకుంటూ పోయి దాని మీద కూడా ఎక్కేస్తుంది. ఒక మూల చచ్చినా ఇంకో మూల నుంచి మళ్లీ పరుచుకుంటుంది. విడిపోకుండా ఉండటంలో లాభం అక్కడుంది.

శత్రువు వస్తే మొత్తం మారడం కూడా ఉంది. సముద్రపు పెద్ద నాచు ఆకుల మీద మెంబ్రనిపొరా అనే బ్రయోజోవా పరుచుకుంటుంది. దాన్ని మేసే ఒక గుల్లలేని నత్త వచ్చి కొరికిందంటే, రెండు రోజుల్లోపల కొత్తగా వచ్చే గదులకు ముళ్లు వస్తాయి. 1984లో డ్రూ హార్వెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు దీన్ని వివరించారు. నత్త లేని చోట ముళ్లు ఉండవు, ఎందుకంటే ముళ్లు వేస్తే పెరుగుదల తగ్గుతుంది. కొరికించుకున్నది ఒక మూల, ముళ్లు వేసుకున్నవి కొత్త గదులు.

ఇక అన్నిటికంటే విడ్డూరమైనవి సైఫనోఫోర్లు. నీలం బుడగతో తేలే ఫైసేలియా వాటిలో ఒకటి. బుడగలో గాలి, అందులో బొగ్గు పొయ్యి మీద వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా కలిసి ఉంటుంది, దాన్ని అదే తయారు చేసుకుంటుంది. కింద వేలాడే తీగలు కొన్ని ముప్పై మీటర్ల దాకా పోతాయి. తీగలు వేటాడతాయి, వాటి పక్క గొట్టాలు తింటాయి, మరికొన్ని గుత్తులు సంతానం కంటాయి. ఒక్కో ఫైసేలియా అంతా మగదో ఆడదో అయి ఉంటుంది. బుడగ పైన ఉండే తెరచాప కొన్నిటికి ఎడమకు, కొన్నిటికి కుడికి తిరిగి ఉంటుంది. అందుకే ఒకే గాలికి రెండు రకాలూ రెండు దారుల్లో పోతాయి.

ఇది ఒక జంతువా, అనేక జంతువులా అని పందొమ్మిదో శతాబ్దమంతా వాదించుకున్నారు. 1851లో లాయికార్ట్ అనే జర్మను ఆచార్యుడు ఇవి వేరువేరు రూపాలు తాల్చిన వ్యక్తులు అన్నాడు. ఇంగ్లండులో హక్స్‌లీ ఒప్పుకోలేదు. ఆయన కుర్రతనంలో రాటిల్‌స్నేక్ అనే యుద్ధనౌక మీద 1846 నుంచి నాలుగేళ్లు వైద్య సహాయకుడిగా తిరిగి, ఆస్ట్రేలియా నీళ్లలో వీటిని కోసి చూసినవాడు. ఒక్క గుడ్డు లోంచి వచ్చిందంతా ఒక్క వ్యక్తే, మిగతావి దాని భాగాలు, వాటిని జూయిడ్లు అందాం అన్నాడు. తర్వాత హెకెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వచ్చాడు. 1866 చలికాలంలో కెనరీ దీవుల్లోని లాంజరోటెకు వెళ్లి సైఫనోఫోర్ పిండాలను కొన్ని ముక్కలుగా కోసి ఉంచాడు. కొన్ని ముక్కలు విడిగా పెరిగి పూర్తి డింభకాలయ్యాయి. అంత చిన్న పిండంలో ఒక ముక్కకు కూడా మొత్తం చేయగల శక్తి ఉండొచ్చని దానివల్ల తెలిసింది.

లాయికార్ట్ మాట, హక్స్‌లీ మాట, రెండూ సగం సగం నిజాలని నేను అనుకుంటాను. గుడ్డు నుంచి వచ్చే డింభకం మొదటి పాలిప్ అవుతుంది. దాని ఒంటి మీద కోరకాలు మొలిచేందుకు కొన్ని చోట్లే ఉంటాయి. నానోమియా అనే సైఫనోఫోర్‌లో అలాంటి చోట్లు రెండు. ఒకచోట ఈదే గంటలు పుడతాయి, ఇంకోచోట తినేవి, కాపాడేవి, సంతానం కనేవి పుడతాయి. కొత్తవి పుట్టేకొద్దీ పాతవి తోకవైపు జరుగుతాయి. అందుకే మధ్య కాడ పొడవునా నడిచి చూస్తే ఒక జూయిడ్ మొగ్గ దశ నుంచి ముసలితనం దాకా వరసగా కనిపిస్తుంది. అమెరికాలో కేసీ డన్ అనే శాస్త్రవేత్త ఇది దగ్గరగా చూసి, ఒక్క మొగ్గే చీలి చీలి ఒక పూర్తి గుంపు అవుతుందనీ, ఏది ఎక్కడ రావాలో తప్పకుండా అదే వరసలో వస్తుందనీ చూపించారు. జాతి మారితే ఆ వరస మారుతుంది. అంటే పరిణామం ఒక్కో జూయిడ్‌నే కాదు, మొత్తం అమరికను కూడా మార్చింది. పగడంలో ఏ పాలిప్ ఎక్కడ మొలిచినా పెద్ద తేడా రాదు, ఇక్కడ వస్తుంది. పుట్టుకలో ఇవి అనేకం, ఎదుగుదలలో ఒక్కటి. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియా నింగలూ లోయల్లో ఫాల్కర్ అనే ఓడవాళ్లు అపొలీమియా అనే సైఫనోఫోర్‌ను చూశారు. చుట్టలుగా తిరిగిన దాని బయటి వలయమే నలభై ఏడు మీటర్లని అంచనా వేశారు.

నిద్ర వస్తోందా? ఇంకొక్కటే. ఇది మన దగ్గరి చుట్టం కథ. బొట్రిల్లస్ అని రాళ్లకూ పడవలకూ అంటుకుని నక్షత్రాల్లాంటి పూలమచ్చలతో ఉండే మెత్తటి పొర. దాని డింభకం కప్పపిల్లలా తోకతో ఈదుతుంది, ఆ తోకలో మన వెన్నెముకకు మూలమైన పృష్ఠవంశం ఉంటుంది. అతుక్కున్నాక తోక కరిగిపోతుంది. తర్వాత కోరకాలు, అన్నిటికీ కలిపి ఒకే రక్తనాళాల వల. దాదాపు వారానికొకసారి పెద్ద తరమంతా ఒకేసారి కరిగిపోతుంది, అప్పటికే పక్కన పెరుగుతున్న కోరకాల తరం నోళ్లు తెరుస్తుంది. తరాలు పోతుంటాయి, సమూహం ఉంటుంది.

రెండు బొట్రిల్లస్‌లు పెరుగుతూ పెరుగుతూ ఎదురైతే ఏమవుతుంది? అంచులు తాకుతాయి. దగ్గరి రక్తసంబంధం ఉంటే రక్తనాళాలు కలిసిపోయి ఒక్కటవుతాయి. లేకపోతే తాకిన చోట కణాలు చచ్చి గోడ కడతాయి. జపానులో ఓకా, వతనబె అనే వాళ్లు 1957లో ఇది వంశపారంపర్యంగా వచ్చే గుర్తుల వల్ల జరుగుతుందని చూపించారు. బయటివాళ్లు వచ్చి కలవడం ఇంత కష్టంగా ఎందుకు పెట్టుకుంది? ఎందుకంటే కలిసినవాళ్ల మూలకణాలు రక్తంలో ప్రయాణించి, ఇవతలివాళ్ల శరీరంలో తమ సంతానాన్ని మాత్రమే తయారు చేసుకోగలవు. బయటివాడిని ఇంట్లో పెట్టుకుంటే పెంపకం మనది, సంతానం వాడిది. అందుకే గుర్తింపు అంత కఠినం. ఒక్క గుడ్డు బిడ్డలు విడిపోకుండా ఉంటే ఆ బెడద లేదు, అందరి జన్యువులూ ఒకటే. సమూహజీవుల చరిత్రలో ఆ దారే మళ్లీ మళ్లీ ఎందుకు నెగ్గిందో నాకు అర్థమైనంతవరకు అది. పగడాల వంశంలో కొన్ని తిరిగి ఒంటరి బతుకుకు కూడా వెళ్లాయి. దారి రెండు వైపులా తెరిచే ఉంది.

సెలవుల్లో భీమిలి వెళ్తాం కదా. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు మీద తెల్లటి సన్నటి వల కనిపిస్తే గోటితో గీకి పారేయకండి. ఒక భూతద్దం తెచ్చుకోండి, ఒక గిన్నెలో సముద్రపు నీళ్లు పోసి అందులో ఉంచి, కదిలించకుండా ఓపిక పట్టండి. బతికుంటే గదుల నుంచి సన్నటి తీగలు బయటికొస్తాయి. నీలం బుడగ కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. ఇసుకలో ఎండిపోయిన ఫైసేలియా తీగల్లో కూడా కుట్టే దంశకణాలు పనిచేస్తూనే ఉంటాయి.